గణేష్‌బాబు సొంత కీ

భీమవరంలో ఓ రొయ్యల కంపెనీ డేటాబేస్‌ని దాని కంప్యూటర్ ఇన్‌చార్జి గణేష్‌బాబు రెండు నెలలుగా ప్రతి గురువారం పోటీ కంపెనీకి అమ్ముకుంటున్నాడు. ఏ రైతు చెరువులో రొయ్యల పట్టుబడి ఎప్పుడో అందులో ఉంటుంది. కాపీ చేరిన మర్నాడే అవతలివాళ్ల ఐసు లారీలు చెరువు గట్టున వాలిపోతాయి. వీళ్ల లారీలు వెళ్లేసరికి బురద మిగులుతుంది.

దొరికిపోతానన్న భయం వాడికి ఇసుమంతైనా లేదు. ఆఫీసులో నలుగురూ ఒకే పేరుతో లాగినవుతారు. పాస్‌వర్డ్ మానిటర్‌కే అంటించి ఉంటుంది. ఇక యజమాని మాణిక్యాంబగారంటారా, డెబ్భై ఏళ్ల ఆవిడకి కంప్యూటరంటే దుమ్ము తుడవాల్సిన వస్తువు. ఇప్పటికీ పొద్దున్నే చెరువుకెళ్లి, చెక్ ట్రేలో గుప్పెడు మేత వేసి నీళ్లలోకి దించి, రెండు గంటలాగి పైకి లాగి, రొయ్యలు తిన్నాయో లేదో చూసుకుంటారు.

"ఇంత కంపెనీ పెట్టుకుని ఈ పళ్లాలెత్తడం మానదు ముసలమ్మ" అని గణేష్‌బాబు వెనకాల నవ్వుకునేవాడు.

సోమవారం సారిక అనే ఆడిటర్ దిగింది.

"ఫారిన్ కొనుగోలుదారులు సర్టిఫికెట్ అడుగుతున్నారండి. క్లౌడ్‌లో మీ డేటాబేస్‌కి వేసిన తాళం మీ సొంత కీతోనా, క్లౌడ్ కంపెనీ కీతోనా?"

"సొంతదేనండి!" అన్నాడు గణేష్‌బాబు తడుముకోకుండా.

సారిక స్క్రీన్ చూసింది. "ఇది క్లౌడ్ కంపెనీదండి."

"మధ్యాహ్నానికి సొంతదైపోతుందండి" అని పళ్లికిలించాడు.

"అయితే డేటాబేస్ కాపీ తీయాలంటే ఇకమీదట ఆ కీ ఉండాలి. అందరూ వాడే పేరు కుదరదండి, మనిషి పేరు కావాలి. నలుగురివీ పెట్టమంటారా?"

పక్క సీటు చిట్టియ్య ఈమధ్యే కొత్త బండి కొన్నాడు. వాడూ ఇదే వ్యాపారం మొదలెట్టాడేమోనని గణేష్‌బాబుకి వారం నుంచీ కడుపుమంట. ఇప్పుడు ఆ దారి మూసేయొచ్చు.

"సెక్యూరిటీ కదండీ, నా ఒక్కడి పేరు చాలు" అన్నాడు, బాధ్యతంతా నెత్తినేసుకున్న మొహం పెట్టి.

భోజనాల వేళకి కొత్త కీ, కొత్త తాళం సిద్ధం. సారిక రెండుసార్లు సరిచూసి, టిక్కు పెట్టి, రొయ్యల వేపుడు తిని వెళ్లిపోయింది. ఇంత చదువుకున్న మనిషి, లోపల్నుంచి ఎవరేం పట్టుకెళ్తున్నారని ఒక్క ముక్క అడగలేదు. గణేష్‌బాబుకి భలే సంబరమేసింది.

గురువారం మామూలుగానే కాపీ తీసి పంపాడు.

శుక్రవారం పొద్దున్నే మాణిక్యాంబగారు పిలిపించారు. వెళ్లేసరికి పక్కన సారిక కూర్చుని ఉంది. బల్ల మీద ఓ కాగితం.

"సొంత కీ వాడిన ప్రతిసారీ ఎవరు, ఎప్పుడు వాడారో క్లౌడ్ రాసుకుంటుందండి" అంది సారిక. "నిన్న మధ్యాహ్నం మూడూ పదికి మీరు. కాపీ ఎక్కడికెళ్లిందో కూడా ఉంది."

గణేష్‌బాబు మళ్లీ పళ్లికిలించాడు. "అది... ఆ ఫారిన్ వాళ్ల సర్టిఫికెట్ కోసం టెస్టింగ్ చేశానండి అమ్మగారూ!"

చెరువు నుంచి సరాసరి వచ్చినట్టున్నారు, మాణిక్యాంబగారు తడిచేతులు కొంగుకి తుడుచుకున్నారు.

"ఫారిన్ వాళ్లెవరూ ఏమీ అడగలేదు బాబూ, ఆ సర్టిఫికెట్టు నా చెక్ ట్రేలో మేత."