పళ్ళెం మోత

పదిన్నర అయ్యేసరికి పైనుంచి మళ్ళీ మొదలైంది. ఠంగ్, ఠంగ్, ఠంగ్.

మిషనమ్మ అరచేతిలోని నూకలు కాస్తా నేలపాలయ్యాయి. ఆ చేతిలో తింటున్న నాలుగు కోళ్ళూ రెక్కలు టపటపలాడిస్తూ నిమ్మచెట్టు కిందికి దూరాయి.

"ఈయన గోల తగలెయ్య" అనుకుంది.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. వెనక గుమ్మంలో కుట్టుమిషను వేసుకుని, ఒక కన్ను సూది మీద, ఒక కన్ను కోళ్ళ మీద పెట్టి బతుకుతుంది కాబట్టి మిషనమ్మ అయిపోయింది.

మామూలు కోళ్ళా అవి! నల్లదానా, చుక్కలదానా అని గొంతెత్తి పిలిస్తే ఒళ్ళోకొచ్చి కూర్చుంటాయి. మిషను తొక్కుతుంటే పాదాల దగ్గర కునుకు తీస్తాయి.

వాటిలో దొరసాని అనే చుక్కల కోడంటే ఆమెకి ప్రాణం.

బస్సు డ్రైవరుగా చేసిన భర్త చివరి రోజుల్లో మంచంలో ఉండి, తల్లికోడి తన్నేసిన ఒక్క పిల్లని గుండెల మీద పెట్టుకుని పెంచాడు. ఆయన పోయాడు. అది మిగిలింది.

టమాటా మొక్కల మధ్య దిష్టిబొమ్మకి ఆయన ఖాకీ చొక్కానే తొడిగింది. ఉడుతలు దాన్ని వీసమెత్తు లెక్కచెయ్యకుండా పళ్ళు కొరికి పోతాయి. దొరసాని మాత్రం ఎండెక్కితే ఆ చొక్కా నీడలోనే పడుకుంటుంది.

ఇంత ముచ్చటైన పెరటికి ఈ పళ్ళెం మోత దాపురించి రెండు నెలలైంది.

వెనకింటి పై వాటాలోకి ఒక ముసలాయన, ఆయన కూతురు కొత్తగా దిగారు. వాళ్ళ మెట్లు అవతలి వీధివైపు. కూతురు పొద్దున్నే పనికిపోతే చీకటిపడ్డాకే రావడం. ఆయన మాత్రం పొద్దస్తమానం బాల్కనీలో కుర్చీ వేసుకుని, మిషనమ్మ పెరటివైపు తిరిగి కూర్చుంటాడు. పలకరింపుగా చెయ్యి ఊపితే పలకడు. ఉన్నట్టుండి పళ్ళెం మీద గరిటెతో బాదుతాడు.

ఎందుకయ్యా అంటే, గద్దమ్మా అంటాడు.

తలెత్తి చూస్తే ఆకాశం ఉతికి ఆరేసినట్టు ఉంటుంది. గద్దా లేదు, దాని నీడా లేదు.

ఒకసారి, "నల్లకోడికి జలుబు చేసిందమ్మా, వెచ్చగా ఉంచండి" అన్నాడు. నిజంగానే చేసింది. దాంతో మిషనమ్మకి ఒళ్ళు మండింది. ఎంత కనిపెట్టి చూస్తే ఆ మాట అనగలడు? మొగుడు లేని మనిషి సొంత పెరట్లో తల ఆరబెట్టుకోవాలన్నా బిడియపడాల్సి వస్తోంది.

నూకలు నేలపాలైన ఆ రోజు ఇక పట్టలేకపోయింది. కొంగు బిగించి గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఆడదాని పెరట్లోకి గుడ్లప్పగించి చూస్తూ కూర్చోడానికి సిగ్గుగా లేదూ? కూతురున్నవాడివి కదా."

ఆయన పళ్ళేన్ని చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

"తప్పేనమ్మా. ఇక కూర్చోను" అని, గోడ పట్టుకుని మెల్లగా లోపలికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బాల్కనీ తలుపు కూడా మూసేశారు.

పెరడు చల్లబడింది. మిషనమ్మ హాయిగా తల ఆరబెట్టుకుంది. కోళ్ళు బెదురు మాని ఆరుబయట పొర్లాడాయి.

తొమ్మిదోనాడు పొద్దున్న ఉడుతలు నిమ్మచెట్టెక్కి గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టాయి.

"మీదో గోల" అని విసుక్కుని, మిషనమ్మ జాకెట్టు అంచు మడుస్తూ కూర్చుంది.

ధబ్బుమని చప్పుడైంది. పరిగెత్తి చూసేసరికి గద్ద దొరసానిని తన్నుకుని పైకి లేచిపోతోంది. ఖాకీ చొక్కా చుట్టూ చుక్కల ఈకలు మాత్రం మిగిలాయి.

ఆమె మట్టిలో కూలబడి ఏడ్చింది. భర్త పోయిన రోజు ఎంత ఏడ్చిందో అంత ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి తలెత్తితే ఎదురుగా బాల్కనీ తలుపు మూసే ఉంది.

ఆ మోతే ఉండుంటే దొరసాని నిమ్మచెట్టు కిందికి దూరేది.

మర్నాడు నాలుగు గుడ్లు గుడ్డలో కట్టుకుని, వీధి చుట్టి వచ్చి, మొదటిసారి ఆ మెట్లెక్కింది. చెయ్యి పట్టుకునైనా సరే, తప్పయింది అన్నగారూ, మళ్ళీ కుర్చీ వేసుకోండి అని అడగాలనుకుంది.

కూతురు తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహం.

"నాన్న మొన్న ఆదివారం పోయారు పిన్నీ. నిద్రలోనే."

మిషనమ్మ గుడ్ల మూట గుమ్మం పక్కన పెట్టింది. గద్ద సంగతి గొణిగింది.

కూతురు కళ్ళు తుడుచుకుంది. "రోజూ భోజనం దగ్గర మీ కోళ్ళ కబుర్లే చెప్పేవారు. ఉడుతల అరుపు మారిందంటే గద్ద వచ్చిందన్నమాటే అనేవారు. చుక్కలది నేలమీద పొర్లడం మొదలుపెడితే లోకం మర్చిపోతుందని, దాని గురించే బెంగ."

"ఇదంతా ఆ రోజే నాకు చెప్పి ఉండొచ్చు కదమ్మా."

"సాయంత్రం నేనే కిందికొచ్చి మీకు ఒక్క మాట చెప్తానన్నాను. నాన్న వద్దన్నారు. ఆవిడ ఒంటరిది, ఈ మాట వింటే నోరు జారానని జీవితాంతం కుమిలిపోతుంది, నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ అన్నారు."

"ఏం మాటమ్మా అది?"

కూతురు బాల్కనీ తలుపు పక్కన గోడకి ఆనించి ఉన్న తెల్ల చేతికర్ర వైపు చూసింది.

"మా నాన్నకి చూపు పోయి పన్నెండేళ్ళయిందని."