ఉత్తరపు చెరువు బాతు

రెల్లుపొదల మడుగులో పక్షులన్నీ పొద్దువాలే వేళ గట్టున సభ తీరి, దూరదేశాల సంగతులు చర్చించుకునేవి. ఉత్తరాన ఒక చెరువు మీద నక్కలు పడ్డాయని తెలిసిన నాటినుంచి వాటికి వేరే మాటే లేదు. అందరికన్నా ఎక్కువ కుమిలిపోయింది కమలి అనే నీటికోడి.

ఒక సాయంత్రం ఆ చెరువు నుంచే ఒక బాతు విరిగిన రెక్క ఈడ్చుకుంటూ వచ్చింది. "అమ్మల్లారా, తల దాచుకోవడానికి కాస్త చోటిస్తారా?" అని అడిగింది.

"నీకు చోటిస్తే రేపు ఆ నక్కలు మా మీద పడవూ?" అంది కొంగ.

"మనం ఎవరి పక్షమూ కాదని మొన్ననే కదా అనుకున్నాం!" అంది లకుముకిపిట్ట. వాదన ముదిరింది.

కమలి గూటి పక్కన బోలెడు చోటుంది. "మా ఇంటికి రా తల్లీ" అన్న మాట గొంతుదాకా వచ్చింది. సభ ఏదీ తేల్చకుండా తానెలా పిలుస్తుందని మింగేసింది.

బాతు కాసేపు చూసి, అడవిపిల్లి తిరిగే అవతలి ఒడ్డుకే మెల్లగా ఈదుకుంటూ పోయింది. వాదనలో ఎవరూ గమనించలేదు, కమలి తప్ప. కాసేపటికి ఆ ఒడ్డు రెల్లులోంచి ఒక్క అరుపు వినిపించి, ఆగిపోయింది.

మర్నాడు సభలో కొంగ గొంతు సవరించుకుని, "పాపం, ఆ ఉత్తరపు చెరువు వాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పు కమలీ" అంది.

నీళ్ల మీద బాతు ఈకలు తేలుతున్నాయి. కమలి సభకు వీపు తిప్పి వాటి వైపు ఈదుకుంటూ పోయింది.