పేషెంట్ తాలూకు

"పేషెంట్ తాలూకు ఎవరండీ?" చక్రాల కుర్చీలో కూర్చున్న పెద్ద సర్జన్ తలమీంచి చూస్తూ అడిగింది హెడ్ నర్సు.

"నేనేనండి. మా బావ," అన్నాడు కుర్చీ వెనక నిలబడ్డ మందుల కౌంటరు ఉద్యోగి.

ఆసుపత్రి మీటింగు హాల్లో నాటకం నడుస్తోంది. వికలాంగుల బాధ సిబ్బంది తలకెక్కాలంటే ఉపన్యాసాలు చాలవు, వేషం కట్టించాల్సిందేనని పైవాళ్లకి బుద్ధి పుట్టి, ఒక నాటకం టీచర్ని పిలిపించారు. ఆవిడా చక్రాల కుర్చీ మనిషే. వస్తూనే వేషాలు తారుమారు చేసేసింది. హెడ్ నర్సు డాక్టరయింది, ఎముకల విభాగం పెద్ద సర్జన్ గారు పేషెంటయ్యారు. పేషెంటు ఏం మాట్లాడినా వినిపించుకోకూడదని అందరికీ చెప్పింది, ఆయనకి తప్ప.

"ఏమిటట బాధ?"

"మెడనొప్పండి."

"మెడ కాదమ్మా, భుజం," అన్నారు సర్జన్.

"మెడేనా?" హెడ్ నర్సు బావమరిదినే అడిగింది.

"మెడేనండి. పొద్దస్తమానం కూర్చునే ఉంటాడు కదా, పట్టేసి ఉంటుంది."

"నాకు చెయ్యి పైకి లేవట్లేదు," అన్నారు సర్జన్ గొంతు పెంచి.

"మాటలు సరిగ్గా వస్తాయా ఈయనకి?"

"ఒక్కోసారి ఎక్కువే వస్తాయండి."

హాలంతా నవ్వింది. హెడ్ నర్సుకి ఊపొచ్చింది. ఇన్నేళ్లు ఆయన వెనకాల ఫైళ్లు మోసిన మనిషి, దొరక్క దొరికిన అవకాశాన్ని వదులుకుంటుందా? "మెడకి పట్టీ రాస్తున్నాను. తియ్యనివ్వకండి. వీళ్లు చిన్నపిల్లల్లా మారాం చేస్తారు," అంటూ ఆయన తల నిమిరింది.

సర్జన్ గారు కుర్చీ చెయ్యి మీద గట్టిగా గుద్దారు.

"ఆగండి. నొప్పి ఎవరిది? నాది. మరి నన్నడగరేం? కాళ్లు పనిచెయ్యకపోతే నోరు కూడా పడిపోయిందనుకున్నారా? నా భుజం సంగతి వెనక నిలబడ్డవాడికేం తెలుస్తుంది? నేను మనిషిని కానా?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నటన కాదు, నిజం నీళ్లే. తన మాటని లెక్కచెయ్యని మనుషుల్ని ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడటం ఇదే మొదలు మరి. హాల్లో చప్పట్లు మోగాయి.

నాటకం టీచరు చప్పట్లు కొట్టలేదు. కుడిచెయ్యి లేస్తేగా. ఈ నాటకం ఆవిడ ఊహించి రాసిందీ కాదు. పోయిన నెల భుజం చూపించుకుందామని ఈయన గదికే వెళ్లింది. ఈయన తోడొచ్చిన పక్కింటాయన్ని నాలుగు ప్రశ్నలడిగి, మెడకి పట్టీ రాసి పంపేశారు. ఇవాళ ఆవిణ్ణి గుర్తుపట్టలేదు. ఎలా పడతారు, ఆ రోజు ఆయన చూసింది పక్కింటాయన మొహాన్ని. ఆ పట్టీ అటకెక్కింది, నొప్పి మాత్రం భుజం దిగలేదు. చక్రం తిప్పుకునే చెయ్యది. అది కాస్తా మూలపడితే, ఒకరు తోస్తే తప్ప ఆవిడ గుమ్మం దాటలేదు. ఆ భయంతోనే ఏరికోరి ఆయనకి పేషెంటు వేషం వేసింది.

సర్జన్ గారు కుర్చీలోంచి లేచి మైకు అందుకున్నారు. మైకు కనిపిస్తే ఆయన ఊరుకోలేరు. "ఇవాళ నా కళ్లు తెరుచుకున్నాయి. రేపట్నుంచి నా విభాగంలో 'పేషెంట్ తాలూకు ఎవరు' అన్న మాట వినపడిందంటే ఒప్పుకోను. గోడల మీద బోర్డులు పెట్టిస్తాను," అన్నారు. మళ్లీ చప్పట్లు. హెడ్ నర్సు కళ్లు తుడుచుకుని, ఆయన స్టెతస్కోపు ఆయనకి ఇచ్చేసింది.

టీలూ బిస్కట్లూ అయి జనం పల్చబడ్డాక ఆయనే టీచరు దగ్గరికొచ్చారు.

"అమ్మా, మీరు నాకు గురువుతో సమానం. ఒక్క పూటలో నన్ను మనిషిని చేశారు."

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలనుకుంది ఆవిడ. "డాక్టరుగారూ, ఏమీ అనుకోకపోతే ఒక్క మాట. ఆ నాటకంలో భుజం నాదేనండి. కుడిచెయ్యి పైకి లేవట్లేదు, చక్రం తిప్పుతుంటే ప్రాణం పోతోంది. ఒక్కసారి చూస్తారా?"

"అయ్యో, ఎంతమాట. ఇప్పుడే చూస్తాను."

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. తన మెడ పట్టీ కథ ఇక్కడితో ముగిసిందనుకుంది. ఆయన చొక్కా చేతులు మడుచుకున్నారు, కళ్లజోడు సవరించుకున్నారు. తర్వాత, ఇచ్చిన మాట ప్రకారం 'తాలూకు' అన్న ముక్క నోట రానివ్వకుండా, ఆవిడ కుర్చీ వెనకాల నిలబడ్డ మనిషిని ఎంతో ఆప్యాయంగా అడిగారు.

"ఏం బాబూ, సరిగ్గా ఎక్కడుంటుంది ఈవిడ నొప్పి?"

అంత పెద్ద డాక్టరు అడిగితే తెలియదంటే ఏం బాగుంటుందని, చుడుతున్న వైరు ఆపి, "మెడ దగ్గరనుకుంటానండి," అన్నాడు మైకువాడు.