కూజా అడుగున ముద్ర

వెండి కూజా బల్లమీద బోర్లించి ఉంది.

దాని అడుగున, కంటికి ఆనీ ఆననంత చిన్న ముద్రలు. ఒకటి చేసిన పేరుమోసిన కంసాలిది, ఒకటి వెండి మేలిమిది.

పాత వెండిని వేలం వేసే కొట్లో అక్క పని అదే. ముద్ర చూసి, వస్తువు ఎవరి చేతిదో చెప్పడం. ధర దాన్నిబట్టే.

అమ్మ ఈ కూజాని చెల్లెలికిచ్చింది. అక్కకి ఒక చిన్న గ్లాసు. దాని అడుగున ముద్ర లేదు, అతుకేసిన బోడి బిళ్ళ తప్ప.

చెల్లెలింటి అద్దాల బీరువాలో కూజా కనబడినప్పుడల్లా అక్క కడుపు రగిలిపోయేది. "ఎంత బావుందే," అని పైకి అనేది.

ఇవాళ చెల్లెలే దాన్ని కొట్టుకి తెచ్చింది.

"ముద్ర ఒకసారి చూడవా అక్కా."

అక్క ముద్రమీద నోటితో ఆవిరి ఊదింది. మెరుగు మసకబారగానే, ముద్రల చుట్టూ సన్నటి గీత గుండ్రంగా తేలింది.

అతుకు.

ఏదో చిన్న వస్తువు అడుగు కోసి, ముద్రలతో సహా ఇక్కడ అతికించారు. కూజా మీద ఇంత గొప్ప ముద్ర ఏనాడూ లేదు.

అక్క మనసు ఎగిరి గంతేసింది.

అంతలోనే ఆ గుండ్రం ఎంతుందో చూసింది. తన గ్లాసు అడుగు బిళ్ళ సరిగ్గా అంతే.

అమ్మ తన గ్లాసుది కోయించి చెల్లెలి కూజాకి పెట్టించిందన్నమాట.

చెప్పకుండా ఊరుకోవచ్చు. అక్కకి ఊరుకోబుద్ధి కాలేదు. మళ్ళీ ఆవిరి ఊది, కూజా చెల్లెలి ముందుకి తోసింది.

"చూడు. ఈ ముద్ర దీనిది కాదు."

చెల్లెలి ముఖంలో ఏ మార్పూ లేదు.

"తెలుసక్కా. నీ గ్లాసుది. పోయేముందు అమ్మ చెప్పింది."

"నీకు చెప్పిందా?"

"నువ్వు ఎలాగైనా నెగ్గుకొస్తావంది. నాకే ఏదో ఒకటి గొప్పది ఉండాలంది."

అక్క ముద్రమీది ఆవిరిని వేలితో తుడిచేసింది.

"నాకు చెప్పడానికి నోరు రాలేదు. నువ్వే చూస్తావని తెచ్చాను. దాన్ని కోయించి నీ గ్లాసుకి పెట్టించుకో."

అక్కకి ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడీ మంచిపేరు కూడా దానికే.

"వద్దులే, ఉంచుకో," అంది, చెల్లెలి గొంతు కంటే మెత్తగా.