మే నెలలో మఫ్లర్

ఇంటర్వ్యూలో తన బదులు రాజేందర్ గొంతు వినిపించాలన్న దొంగ ఆలోచన రమణబాబుది కాదు, రాజేందర్‌దే. కాకపోతే వద్దనే ధైర్యం రమణబాబుకు లేకపోయింది.

ఇద్దరూ సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు పైనున్న కోచింగ్ సెంటర్‌లో జావా నేర్చుకుంటున్నారు. ఊరంతా సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టి ఊగుతున్న రోజులవి. ఉత్త జావా చాలదు, పెద్ద కంపెనీల అప్లికేషన్లు కట్టాలంటే స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ వచ్చి తీరాలనేవాళ్లు. రమణబాబుకు స్ప్రింగ్ బాగా వచ్చు. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే ఏ ప్రోగ్రామైనా చకచకా రాసిపడేస్తాడు. నోరు తెరవమంటేనే చిక్కు. అసలే పీలగొంతు. ఇంట్లో ఫోనెత్తితే అవతలివాళ్లు "అమ్మా, మీవారున్నారా?" అని అడిగేవాళ్లు. ఇంటర్వ్యూ అనేసరికి ఆ ఉన్న కాస్త గొంతూ లోపలికి పోయేది.

మూడు ఇంటర్వ్యూలు అలాగే మట్టికొట్టుకుపోయాయి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే తండ్రి రమణయ్య ఇక తేల్చి చెప్పేశాడు.

"ఈపాలి గానీ పోయిందంటే బొబ్బిలెల్లిపోయి మీ మావయ్య సిమెంటు కొట్లో కూకో. అంతే!"

సిమెంటు వాసన తగిలితే చాలు, రమణబాబుకు తుమ్ములు ఆగవు.

"మన కోచింగ్ మేడం ఏం చెప్పిందిరా?" అన్నాడు రాజేందర్ సమోసా నములుతూ. "నీకు కావాల్సిన సామాను నువ్వు తయారు చేస్కోవద్దు, ఫ్రేమ్‌వర్కే బయటకెల్లి తెచ్చి నీ చేతిల వెడ్తది. అడిగెటోనికి ఎవరు తెచ్చిండ్రో తెల్వనే అక్కర్లేదు. చెప్పిందా లేదా?"

"చెప్పింది. కానీ అది ప్రోగ్రాముల సంగతిరా!"

"నీకు గొంతు కావాలె. నేను తెచ్చి వెడ్తున్న. గిది సుత గంతే. పరేషాన్ గాకు."

పాఠాన్ని ఇంత శ్రద్ధగా ఒంటబట్టించుకున్న విద్యార్థిని ఆ మేడం జన్మలో చూసి ఉండదు.

ఫోన్ ఇంటర్వ్యూ రోజున కోచింగ్ సెంటర్ వెనకగదిలో తలుపేసుకుని, రమణబాబు సెల్‌ఫోను స్పీకర్‌లో పెట్టారు. అవతల బేగంపేట కంపెనీ మేనేజర్ సదాశివ. ఆ కంపెనీ స్ప్రింగ్ పని కొత్తగా మొదలుపెట్టింది. అయినా ఆ మనిషి ప్రశ్నలు మాత్రం ఆరితేరినవాడి ప్రశ్నలే. నగారా మోగినట్టు గొంతొకటి. ఆ గొంతు అడగడం, రాజేందర్ టక్కున అందుకోవడం, పాటకచేరీలా సాగిపోయింది. ఒకచోట రాజేందర్ తడబడితే జవాబు చెవిలో ఊదింది రమణబాబే. మిగతాసేపంతా రెండు చేతులతో నోరు మూసుకుని, గోడకు కరుచుకుని నిలబడ్డాడు.

ఫోన్ పెట్టేశాక రాజేందర్ చెమట తుడుచుకున్నాడు. "అబ్బ, ఏం అడిగిండురా! మస్తు తెలివిగల్లోడు. గా మేనేజర్‌తోని జెర పైలం."

ఉద్యోగం వచ్చింది! తల్లి లోవమ్మ రైల్వే క్వార్టర్లన్నిటికీ సున్నుండలు పంచింది. రమణబాబు రెండ్రోజులు గాల్లో తేలాడు. మూడోరోజున అసలు సంగతి తట్టింది. చేరాక నోరు విప్పక తప్పదు కదా! ఇంటర్వ్యూ గొంతు ఇది కాదని ఆ తెలివిగలాయన పట్టేస్తే ఉద్యోగం ఊడడమేనా, పోలీసులకు కూడా అప్పజెబుతాడేమో! అప్పుడు బొబ్బిలి సిమెంటు కొట్టే స్వర్గం.

"మెడకు మఫ్లర్ చుట్టుకో, గొంతు వోయిందని చెప్పు," అన్నాడు రాజేందర్. "నెల రోజులైతే నా గొంతు ఎవనికి యాదికుంటదిరా?"

మే నెల. సికింద్రాబాద్‌లో కాకులు కూడా నీడకోసం తన్నుకుంటున్నాయి. మెడకు ఉన్ని మఫ్లర్‌తో ఎంఎంటీఎస్ రైలెక్కిన రమణబాబును చూసి, పాపం ఏ రోగమోనని ఎవరో లేచి సీటిచ్చారు. ఆఫీసులో పలకరించిన వాళ్లకల్లా గొంతు చూపించి, దగ్గి, దండం పెట్టాడు. అలా మధ్యాహ్నం దాకా గండం గడిచింది.

అప్పుడొచ్చింది పిలుపు. "సదాశివ సార్ రమ్మంటున్నారు."

మఫ్లర్ ఇంకో చుట్టు బిగించి లోపలికి వెళ్లాడు. గదిలో ఏసీ ఎంత జోరుగా ఉందంటే, సదాశివ కూడా మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. బుర్రమీసాల పెద్దమనిషి. మాటా పలుకూ లేదు. కూర్చోమని చేత్తో చూపించి, టీ కప్పు ముందుకు జరిపాడు. తర్వాత రమణబాబు మెడకేసి అదేపనిగా చూడసాగాడు.

అయిపోయింది, పట్టేశాడు అనుకున్నాడు రమణబాబు. కంగారులో వంగి ఇంకో దండం పెట్టాడు. మఫ్లర్ కొస వెళ్లి టీలో మునిగింది. గబుక్కున లాగాడు. పొగలు కక్కే టీ కాస్తా ఒళ్లోకి వచ్చేసింది.

"ఓలమ్మో! కాలిపోనాది బాబో!"

అచ్చం లోవమ్మ అరిచినట్టే ఉంది. ఆ గొంతు గది నాలుగు మూలలా మోగింది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. రమణబాబు మఫ్లర్ విప్పేశాడు. "సార్... ఆ రోజు ఫోన్లో..." అంటుండగానే ఏడుపు ముంచుకొచ్చింది.

సదాశివ లేచి, వెళ్లి తలుపు గడియ పెట్టాడు. పోలీసులకు ఫోను చేస్తాడేమోనని రమణబాబు గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

తెరిచేసరికి సదాశివ మెడలోని మఫ్లర్ బల్లమీద పడి ఉంది. ఆ బుర్రమీసాల కింద నవ్వు చెవులదాకా సాగింది. రమణబాబు గొంతుకన్నా పీలగా ఉన్న గొంతుతో ఆయన అన్నాడు: "బతికించినవ్ తమ్మీ! ఆ రోజు ఫోన్ల మాట్లాడింది నువ్వు సుత కాదా?"