ఖరీదైన ఆయిల్

"షాపులో అన్నిటికంటే ఖరీదైన ఇంజన్ ఆయిల్ ఏదో అది తియ్యి" అన్నాడు వ్యాను డ్రైవరు.

ఆ మాట అతని నోట ఎన్నడూ వచ్చింది కాదు. పద్నాలుగేళ్లుగా ఆ ముసలి వ్యానుకి చవకరకం ఆయిలే పోస్తున్నాడు.

ఈ రోజు సంగతి వేరు.

పొద్దున్నే పెద్దాసుపత్రి నుంచి ఫోను. రెండేళ్లుగా ఎదురుచూస్తున్న కిడ్నీ దొరికిందట. నాలుగింటికల్లా భార్యను తీసుకొచ్చేయమన్నారు. రాకపోతే జాబితాలో తర్వాతి పేరు వాళ్లకి ఇచ్చేస్తామనీ చెప్పారు.

ఆసుపత్రి కొండకి అవతల ఉంది. భార్యను ఎక్కించుకుని కొండ మొదట్లోకి వచ్చేసరికి ఆయిల్ దీపం మిణుకుమంది. కొలిచే కడ్డీ తీసి చూస్తే ఆయిల్ అడుగంటింది.

"మొత్తం మార్చేసి ఈ సింథటిక్ ఆయిల్ పోయించుకో అన్నా. రేటు రెండింతలైనా పని నాలుగింతలు చేస్తుంది" అన్నాడు షాపువాడు. "ఇరవై నిమిషాల్లో అయిపోద్ది."

"పొయ్యి."

"వద్దు బాబూ."

ఆ మాట అన్నది పక్కనే నిలబడ్డ ఓ పెద్దాయన. వెలిసిన చొక్కా, మాసిన గడ్డం. కాస్త దూరంలో ఆగి ఉన్న పాత కారు ఆయనదే కాబోలు, వెనక సీట్లో ఎవరో పడుకుని ఉన్నారు.

"ఖరీదైన ఆయిల్ మంచిదే, కాదనను. అది కొత్త ఇంజనుకి. నీ బండిలో రబ్బరు సీళ్లన్నీ ఎండిపోయి ఉంటాయి. మడ్డి పట్టబట్టి సందులు మూసుకున్నాయి. ఈ పలచటిది పోస్తే కొండ సగం ఎక్కేలోపే కారిపోతుంది. రోజూ పోసే చిక్కటిదే ఇంకో లీటరు పోసుకుని వెళ్లు."

"మీకెలా తెలుసు?"

"బస్సు డిపోలో ముప్ఫై ఏళ్లు ఇంజన్లు విప్పాను."

"ఆ కాలం ఇంజన్లు వేరు తాతా!" అని నవ్వాడు షాపువాడు.

డ్రైవరుకి నవ్వు రాలేదు.

"మా ఆవిడకి కిడ్నీ వచ్చింది పెద్దాయనా. నాలుగింటికి కొండవతల పెద్దాసుపత్రిలో ఉండాలి. ఇవాళ కూడా కక్కుర్తి పడమంటారా?"

పెద్దాయన తన కారు వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత గబగబా వచ్చి డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు.

"అయితే అసలు నీ బండే వద్దు. మేమూ అక్కడికే. నా కారులో సర్దుకుందాం, ఎక్కండి."

ముక్కూ మొహం తెలియని మనిషి మీద మీదికి వస్తుంటే డ్రైవరుకి ఒళ్లు మండింది.

"ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, నా బాధ మీకు వేడుకగా ఉందా? చెయ్యి వదలండి!"

వ్యాను కిటికీలోంచి భార్య నీరసంగా అంది. "ఏమండీ, పెద్దాయన అంతగా చెబుతున్నాడు కదా..."

"నువ్వూరుకో. దారినపోయేవాళ్ల మాటలు విని నీ ప్రాణం మీదికి తెచ్చుకోనా?"

చెయ్యి విదిలించుకున్నాడు. పెద్దాయన చేసేది లేక కారెక్కి వెళ్లిపోయాడు.

కొత్త ఆయిల్‌తో వ్యాను వెన్నలా కదిలింది. మోత లేదు, దడ లేదు.

"చూశావా? సలహాలకేం, ఊరికే వస్తాయి" అన్నాడు డ్రైవరు.

ఆరు మలుపులు దాటేదాకా ఆ ధీమా ఉంది.

ఏడో మలుపులో ఎర్రదీపం వెలిగింది. ఆపడానికి మనసొప్పలేదు. "ఇంకొంచెం తల్లీ, ఇంకొంచెం" అని బండిని బతిమాలాడు.

పదో మలుపులో ఇంజను పెద్దగా గరగరలాడి బిగుసుకుపోయింది.

దిగి చూస్తే వచ్చిన దారి పొడుగునా ఆయిల్ చార.

టైము మూడుంబావు.

కనబడ్డ ప్రతి బండికీ చేతులు జోడించాడు. ఆ ఎక్కుడు దారిలో ఎవరూ ఆగలేదు. నోటికాడి కూడు తన చేత్తోనే నేలపాలు చేశానని తల బాదుకుని ఏడ్చాడు. వాచిపోయిన కాళ్లతో రాయి మీద కూర్చున్న భార్యే అతన్ని ఓదార్చింది.

చివరికి ఓ ఇటుకల లారీకి అడ్డంగా నిలబడితే, తిట్టుకుంటూనే ఎక్కించుకున్నాడు ఆ లారీవాడు.

ఆసుపత్రి చేరేసరికి అయిదుంబావు.

"ఇప్పుడా రావడం?" అంది నర్సు. "అయిదింటికే రెండో పేరు అమ్మాయిని ఆపరేషన్‌కి తీసుకెళ్లిపోయారు."

డ్రైవరు గోడ గడియారం వైపు చూశాడు. "నాలుగన్నారు కదమ్మా... అయిదింటిదాకా ఉందా?"

"ఉంచాం. ఆ అమ్మాయి తండ్రే డాక్టరుగారి కాళ్లావేళ్లా పడ్డాడు. మొదటి పేరు వాళ్లు దారిలోనే ఉన్నారు, ఇంకో గంట చూడండని."

"మేం దారిలో ఉన్నట్టు ఆయనకెలా తెలుసు?"

"నాకేం తెలుసయ్యా? పొద్దున ఇద్దరికీ ఫోన్లు చేశాం. మీరు రాకపోతే మీ అమ్మాయికేనని ఆయనకీ చెప్పాం. అడుగో, ఆయనే."

ఆపరేషన్ గది ముందు బల్ల మీద, వెలిసిన చొక్కాలో, మొహం చేతుల్లో దాచుకుని కూర్చున్నాడు ఆ పెద్దాయన.

ఈ వ్యాను కొండ ఎక్కకపోతేనే తన కూతురు బతుకుతుందని, షాపు దగ్గర చెయ్యి పట్టుకుని తన కారెక్కమన్నప్పుడే ఆయనకి తెలుసు.