పుట్టకొక్కుల సంచి

"ఇంట్ల పుట్టకొక్కుల సంచి కట్టిన. బయటి గాలి తగిలితే ఖరాబైతదట. జర ఎవ్వరు రాకున్రి," అని అమీరున్నీసా బోరింగు దగ్గర అందరికీ చెప్పింది.

మహిళామండలి శిక్షణకు నల్గొండ వెళ్తే పుట్టగొడుగుల విత్తనం ఇచ్చారు. వరిగడ్డితో కలిపి సంచిలో నింపి, చీకటి గదిలో వేలాడదీసింది. రోజూ నీళ్లు చిలకరించేది.

భర్త పోయాక వచ్చిన మొదటి రంజాన్‌కు ఆ ఇంటి గడప ఎవరూ తొక్కలేదు. వచ్చేవాళ్ల కోసం చేసి, చల్లారిపోయిన షీర్‌ఖుర్మా పాయసాన్ని మేకకు పోసింది. ఈసారీ రాకపోతే, సంచి వల్లే రాలేదనుకోవచ్చు.

ఎవరూ రాలేదు.

పండుగ మర్నాడు పక్కింటి యాదలక్ష్మి బోరింగు కొడుతూ అంది:

"నిన్న నీ దర్వాజ దాంక వచ్చిన అక్కా. పోయినేడు దుఃఖంల ఉన్నవని రాలే. ఈసారన్న నీ చేతి ఖుర్మా తాగుదమనుకున్న. సంచి యాదికొచ్చి వాపస్ పోయిన. మొలిచినయా?"

పుట్టగొడుగులు పండుగకు ముందే విచ్చుకున్నాయి. కోస్తే సాకు పోతుందని ఆమె ముట్టుకోలేదు. సంచిలోనే నల్లబడ్డాయి.

ఆ మాట చెబితే, ఎందుకు కోయలేదో కూడా చెప్పాలి.

"ఇంకా మొలవలే," అంది అమీరున్నీసా.